గొంతు పక్క దారి

ఫిబ్రవరి 6

పిచ్చుకా,

నీకు జవాబు ఆలస్యమైంది. బద్ధకం అనుకుని ఉంటావు. ఎప్పుడూ అదే కారణం కాబట్టి నీ తప్పేం లేదు. ఈసారి మాత్రం సంగతి వేరు.

చూపు లేనివాళ్ల కోసం నేను పుస్తకాలు చదివి రికార్డు చేసే గది నీకు తెలుసు కదా. గోడలకు మందపాటి బట్ట, ఒక బల్ల, ఒక మైకు, అద్దానికి అవతల రికార్డింగ్ మాస్టారు. తలుపు వేస్తే బయటి లోకం ఎవరో మడిచి పక్కన పెట్టినట్టుంటుంది. పోయిన నెల ఒకరోజు పేజీ మధ్యలో మాస్టారు చెయ్యెత్తి ఆపాడు.

"సార్, మాటకీ మాటకీ మధ్య మీ ఆయాసం రికార్డవుతోంది. ఇప్పుడే మెట్లెక్కి వచ్చినట్టుంది."

"గంట నుంచీ కుర్చీలోనే ఉన్నానయ్యా!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత కొన్నాళ్లకే, నిజంగా మెట్లెక్కుతూ కూలబడిపోయాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ నా గుండె మీద స్టెతస్కోపు పెట్టి, దూరంగా వస్తున్న పాట వింటున్నట్టు కళ్లు మూసుకుని చాలాసేపు వింది. గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం వెళ్లే గుమ్మం దగ్గర ఒక వాల్వ్ ఉంటుందట. నాది సున్నం పట్టి బిగుసుకుపోయిందట. ఇప్పుడు ఛాతీ కోయకుండానే కొత్తది వేస్తారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైకి పంపి, అందులో మడిచిపెట్టిన వాల్వ్‌ని గుండెలో విప్పుతారు. సరే, కానివ్వండి అన్నాను. స్కానింగ్ చూశాక డాక్టరమ్మ పెదవి విరిచింది. కాళ్ల దారి మూసుకుపోయిందంది.

నా నాళాలన్నీ తెరమీద చూపించింది, పిచ్చుకా. చాలా ఎత్తునుంచి ఎవరిదో దేశం చూస్తున్నట్టనిపించింది. పైన వెడల్పాటి పాయ, కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, తెల్లటి గట్లు కట్టుకుని, ఒకచోట ఇక లేనే లేదు. అదంతా నాలోనే ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. "ఇందులో నేనెక్కడున్నానమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల నవ్వలేదు. నిజంగా ఆలోచించింది.

వేరే దారి చూస్తారట. నువ్వు కంగారు పడకు. మనిద్దరికీ సరిపడా కంగారు మీ వదిన పడుతోంది.

నీ అన్నయ్య

*

ఫిబ్రవరి 13

అన్నయ్యా,

కాళ్లు పడిపోయాయన్న కబురు కూడా ఇంత తాపీగా రాసే మనిషివి నువ్వొక్కడివే. "కాళ్ల దారి మూసుకుపోయింది" అట, పైగా దేశాలట, పాయలట! ఆ వాక్యం దగ్గర నా చేతిలోని కుండీ జారి పగిలింది. అందులో ఉన్న ఫెర్న్ మొక్కకి ఏమీ కాలేదులే.

వాకర్ ఒకటి పార్సిల్ చేశాను. తేలికైనది, మడుచుకుంటుంది. సిగ్గుపడకుండా వాడు. మెట్లున్న ఇంట్లోంచి కిందికి మారిపొమ్మని వదినతో చెప్పు. పెద్ద అల్మరా అమ్మేయండి, అది ఎలాగూ గుమ్మంలోంచి దిగదు.

నాకు ఫోన్ చేయాలని మాత్రం చూడకు. పోయినసారి మోగుతోందో లేదో తెలియక, రిసీవర్ పట్టుకుని చాలాసేపు ఎవరూ లేని దానితో మాట్లాడాను. మొన్న మా నర్సరీలో, నేను పనిచేసే అద్దాల షెడ్డులో మొక్కల మీద మంచులా నీళ్లు చల్లే మిషను ఆగిపోతే, పనమ్మాయి వచ్చి భుజం తట్టేదాకా నాకు తెలియనే లేదు. కుడి చెవి ఎప్పుడో మూతపడింది. ఎడమ చెవికి మనుషుల్లో నీ ఒక్కడి గొంతే ఇంకా అందుతోంది. సన్నటి శబ్దాలు ముందు పోతాయి, మోటువి చివర్న పోతాయి అన్నాడు చెవుల డాక్టరు. నీ గొంతు మోటుదని నేననలేదు, ఆయనన్నాడు.

పొద్దున్నే షెడ్డులో అద్దాలన్నీ ఆవిరితో తెల్లబడి ఉంటాయి. అవతల చెట్లు, మనుషులు మసక మసగ్గా కదులుతుంటారు. ఏ శబ్దమూ ఉండదు. ఎవరి కలలోకో పొరపాటున వచ్చినట్టుంటుంది నాకు.

కాళ్లకి నూనె రాయించుకో.

పిచ్చుక

*

ఫిబ్రవరి 24

పిచ్చుకమ్మా,

వాకర్ వచ్చింది. మీ వదిన దానిమీద తువ్వాళ్లు ఆరేస్తోంది. చాలా అనువుగా ఉందట, ఇంకొకటి పంపమంటోంది.

నా కాళ్లు నిక్షేపంగా ఉన్నాయి తల్లీ. మూసుకుపోయింది కాళ్లలోని రక్తనాళాల దారి. గొట్టం వెళ్లడానికి చోటు లేదు. నేను సరిగ్గా రాయలేదు. రోజూ ఇతరుల వాక్యాలు చదివేవాడికి సొంత వాక్యం రాకపోవడం చూడు.

నిన్న డాక్టర్లందరూ కూర్చుని నా గురించి మాట్లాడుకున్నారు. తర్వాత డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి, కాగితం మీద మనిషి బొమ్మ గీసి, ఒక్కొక్క దారీ చూపించింది. కాలర్ ఎముక కింద భుజానికి వెళ్లే నాళం ఒకటి. నాది మెలికలు తిరిగి, సన్నగా ఉంది. పొట్టలో సిరలోంచి పక్కనున్న పెద్ద ధమనిలోకి కన్నం చేసుకుని వెళ్లే దారి ఒకటి. అక్కడ నా ధమని గోడంతా సున్నమే. ఎడమ పక్కటెముకల మధ్య కోసి, గుండె కొసనుంచి నేరుగా లోపలికి వెళ్లేది ఇంకొకటి. దానికి పూర్తి మత్తు కావాలి, నా ఊపిరితిత్తులు చూస్తే ఆవిడకి ధైర్యం లేదు. చివరిది మెడ. మెడకి ఎడమవైపున మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళంలోంచి. అక్కణ్నుంచి గుండె చాలా దగ్గరట.

మీ వదిన అంతా విని, "ఇన్ని దారులు గీశారు, మా ఆయనకి వైద్యం చేస్తున్నారా, రోడ్లు వేస్తున్నారా అమ్మా?" అంది. డాక్టరమ్మ ఈసారి నవ్వింది.

"మెడ దారే మంచిది. నేనైతే మా నాన్నకి అదే చేస్తాను" అంది.

"మెదడుకి వెళ్లే నాళం అంటున్నారు, అక్కడ ఏమైనా అయితే?" అన్నాను.

"పక్షవాతం వచ్చే ప్రమాదం ఏ దారిలోనైనా కొంత ఉంది. మెడలో అయితే ఆ కాసేపు ఇంకా జాగ్రత్తగా చూసుకుంటాం."

"మరి గొంతు?"

నా పని గురించి ఆవిడకి తెలుసు. గొంతుకి వెళ్లే నరం ఆ పక్కనే ఉంటుందట. బొంగురు రావచ్చు, మామూలుగా కొన్నాళ్లకి పోతుంది, పోతుందని రాసిమ్మంటే మాత్రం ఇవ్వలేను అంది. ఆ మాటకే ఆవిడంటే నాకు గురి కుదిరింది.

మొత్తానికి గొంతు దగ్గర కోస్తారు. రోజు ఇంకా చెప్పలేదు.

అన్నయ్య

*

మార్చి 2

అన్నయ్యా,

గొంతు కోస్తారా? కోస్తారని నువ్వే రాసి, కింద సంతకం కూడా పెడతావా?

నేను బుర్ర తక్కువదాన్నే అనుకో. అయినా పక్కటెముకల నుంచి దారి ఉందని నువ్వే రాశావు కదా. ఎముకలు అతుక్కుంటాయి. ఊపిరితిత్తులకి వ్యాయామాలుంటాయి. గొంతుకి ఏముంది? పోతే తెచ్చుకునే చోటేదైనా ఉందా?

నేనిది నీ పని కోసం అనడం లేదు. పుస్తకాలు చదవడానికి ఇంకొకరు దొరుకుతారు. అన్నయ్యా, నాకు అమ్మ గొంతు గుర్తులేదు. నాన్నది కొంచెం గుర్తుంది, అదీ దగ్గు మాత్రమే. ఆయన తర్వాత నన్ను పెంచినవాడివి నువ్వు. వాన శబ్దం ఎలా ఉంటుందో ఇప్పుడు నేను ఊహించుకుంటాను. అన్నిటినీ ఒక్కొక్కటిగా వదులుకుంటూ వచ్చాను, ఏడవలేదు కూడా. నీ గొంతు ఒక్కటి మిగిలిందని ధైర్యంగా ఉన్నాను. అది కూడా పోతే ఈ అద్దాల బయట ఎవరున్నా నాకు ఒకటే.

నా మీద ఏనాడైనా ప్రేమ ఉంటే మెడ వద్దని చెప్పు. పక్కటెముకలే కానివ్వమను.

ఇంకేం రాయను. ఈ పూట మొక్కలకి నీళ్లు కూడా పెట్టలేదు.

పిచ్చుక

*

మార్చి 17

పిచ్చుకా,

చెప్పేశాను. పక్కటెముకలే అన్నాను. డాక్టరమ్మ నా స్కానింగ్ మళ్లీ తీసి చూసింది. తర్వాత, ఊపిరి బలపడాలి, ఆగి చూద్దాం అంది. ప్లాస్టిక్ డబ్బాలో మూడు బంతులున్న ఒక బొమ్మ ఇచ్చింది. గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. ఒకటి లేస్తోంది. రెండోది ఆలోచిస్తోంది.

పగలు ఎక్కువ నిద్రపోతున్నాను. మంచి కలలు వస్తున్నాయి. ఎర్రటి వసారాలో నడుస్తుంటాను. గోడలు వెచ్చగా, మెత్తగా ఉంటాయి. ఎక్కడో దూరంగా తలుపు కొట్టుకుంటూ ఉంటుంది. నేను వెళ్లి తీయాలి. తొందరేమీ ఉండదు. నడుస్తూనే ఉంటాను.

చదువుతున్న పుస్తకం సగంలో ఉంది. ఇప్పుడు సగం వాక్యం చదివి ఆగుతున్నాను. మాస్టారు అతికిస్తున్నాడు.

మొన్న కొంచెం పడ్డాను. పెద్దదేం కాదు.

నువ్వు మొక్కలకి నీళ్లు పెట్టు.

అన్నయ్య

అమ్మాయ్, ఇది మీ వదిన. ఆయన మధ్యాహ్నం పడుకున్నారు, కవరు అంటించే పని నాది కాబట్టి కింద రాస్తున్నాను. కొంచెం పడటం కాదు. ఆ గదిలో చదువుతూ చదువుతూ బల్లమీదికి ఒరిగిపోయారు. ఆస్పత్రిలో ఉంచి పంపించారు. పక్కటెముకల దారిలో మత్తిస్తే ఊపిరి మిషను మీదనుంచి మళ్లీ దిగకపోవచ్చని డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది. ఇలాగే ఆగుతూ పోతే ఆ అవసరం కూడా ఉండదని చెప్పింది. ఈయనకీ చెప్పింది. "చెల్లి వద్దంది" అంటారు, గోడవైపు తిరుగుతారు. నీమీద కోపంతో రాయడం లేదమ్మా. నా మాట ఆయనకి ఎక్కదు, నీ మాట దాటరు. ఎన్నేళ్లయినా అంతే కదా.

*

మార్చి 22

అన్నయ్యా,

వదిన రాసింది చదివాను. ఆవిణ్ని ఏమీ అనకు.

ఉత్తరం పట్టుకుని షెడ్డులో ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగాను. మంచు మిషను నడుస్తోంది. నా చెయ్యి నాకే కనబడటం లేదు. నేను నీ గొంతుని ఉంచమని అడిగాను. నిన్ను ఉంచమని అడగలేదు. ఆ రెండూ ఒకటే అనుకున్నాను. నువ్వేమో నన్ను ఒక్క మాట అనకుండా గోడవైపు తిరిగి పడుకున్నావు.

మెడ దారే కానివ్వు. రేపే కానివ్వు. డాక్టరమ్మకి నా దండాలు చెప్పి, చెల్లెలికి బుద్ధి వచ్చిందని చెప్పు.

నా గురించి దిగులుపడకు. పనమ్మాయి నాకు పెదాలు చూసి మాట పట్టడం నేర్పుతోంది. ఆ పిల్ల గట్టిగా అరవకుండా, నా ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడుతుంది. మొదటి రోజే షెడ్డంతా రచ్చ చేశాను. "బాబు వచ్చాడు" అంది, అంటే యజమాని మనవడు. పెదాల మీద "బాబు", "పాము" ఒక్కలాగే ఉంటాయని నాకేం తెలుసు? బల్లెక్కి కూర్చున్నాను. ఆ చంటివాడు తల్లి చంకలోంచి నన్ను చూసి చప్పట్లు కొట్టాడు.

నేర్చుకుంటాను. వయసు మీదపడ్డాక కొత్త బళ్లో చేరినట్టుంది, అంతే. నీ గొంతు ఉంటే వింటాను. లేకపోతే చూస్తాను. ఎలాగైనా మాట్లాడటానికి నువ్వు ఉండాలి.

పిచ్చుక

*

ఏప్రిల్ 12

పిచ్చుకా,

వదిన చేతిరాత చూసి హడలిపోకు. నా చెయ్యి బాగానే ఉంది. మెడ వంచి రాయొద్దన్నారు కాబట్టి నేను గుసగుసగా చెబుతున్నాను, ఆవిడ రాస్తోంది. (సగం వినబడటం లేదు. నాకు తోచింది రాస్తున్నాను. — వదిన)

అయిపోయింది. కొత్త వాల్వ్ పనిచేస్తోంది.

పూర్తి మత్తు ఇవ్వలేదు. మెడ దగ్గర మొద్దుబారే సూది, ఒంటికి కాస్త నిద్రమబ్బు. నాళాన్ని ముందు కాసేపు బిగించి చూశారు, మెదడుకి రెండో పక్కనుంచి రక్తం చాలుతుందో లేదో అని. నా కుడి చేతిలో నొక్కితే కీచుమనే రబ్బరు బొమ్మ పెట్టారు. "నొక్కుతూ ఉండండి. అది కూసినంతసేపూ మీరు బాగున్నట్టు" అంది డాక్టరమ్మ. అంత పెద్ద గదిలో, ముఖాలకి గుడ్డలు కట్టుకున్న అంతమంది మనుషులు ఊపిరి బిగబట్టి, ఒక పసిపిల్లల బొమ్మ అరుపు వింటున్నారు. నాకు నవ్వొచ్చింది. కదలొద్దన్నారు.

తర్వాత నేను మన రికార్డింగ్ గదిలో ఉన్నాను. ఎదురుగా పుస్తకం తెరిచి ఉంది. ఆయాసం లేకుండా చదువుతున్నాను, పేజీలు వాటంతట అవే తిరుగుతున్నాయి. వాల్వ్ విప్పే ముందు గుండెని కావాలని పరుగెత్తిస్తారట, రక్తం ఆ కాసేపు కదలకుండా. అప్పుడు గదిలోని వెలుతురంతా మెల్లగా వెనక్కి వెళ్లిపోయింది. శబ్దం లేదు. బొమ్మదీ లేదు, నాదీ లేదు. ఓహో, పిచ్చుక ఉండేది ఇక్కడా అనుకున్నాను. భయం వేయలేదు. కానీ ఒక్కదానివే ఉండాల్సిన చోటు కాదు అది. ఇంతకాలం నిన్ను అక్కడ అలా వదిలేశానే అనిపించింది. (ఇక్కడ ఆగి నీళ్లు తాగారు. నేనూ తాగాను. — వదిన)

తెలివి వచ్చాక డాక్టరమ్మతో, "పుస్తకం పూర్తి చేశానమ్మా" అన్నాను.

"మీరేమీ చదవలేదండీ. మధ్యలో ఒక్కసారి 'వినబడుతోందా?' అని అడిగారు."

"మీరేమన్నారు?"

"వినబడుతోందన్నాను."

ఇక గొంతు సంగతి. దాచను. పోయింది. ఎండుటాకుల మీద నడిచినట్టు గుసగుస మాత్రం ఉంది. నరం కదిలి ఉంటుంది, నెలలు పట్టొచ్చు, పూర్తిగా రాకపోవచ్చు కూడా అన్నారు. మాస్టారు వచ్చి చూసి, పుస్తకం ఇంకెవరికీ ఇవ్వను సార్ అన్నాడు. ఇచ్చేయమన్నాను. వినేవాళ్లు కథ మధ్యలో కూర్చుని ఉన్నారు కదా.

ప్రయాణం చేయగలిగితే ఒకసారి రా.

అన్నయ్య (చెప్పింది ఆయన, అలిసిపోయింది నేను. — వదిన)

*

మే 9

అన్నయ్యా,

మీ దగ్గర్నుంచి క్షేమంగా ఇంటికి చేరాను. బస్సులో పక్కనావిడ దారిపొడుగునా మాట్లాడింది. సగం పట్టుకున్నాను. ఆవిడకి ముగ్గురు కోడళ్లో, మూడు గేదెలో ఉన్నాయి. ఏవైనా ఆవిడకి వాటితో పడటం లేదు.

ఇప్పుడు చెబుతున్నాను, నీ ఉత్తరం వచ్చిన రోజు కవరు మీద వదిన రాత చూసి, చింపకుండా పట్టుకుని నిలబడిపోయాను. పనమ్మాయే చింపి, మొదటి వాక్యం చదివి, నా ఎదురుగా నిలబడి "బాగున్నారు" అంది. ఆ మాట మాత్రం తప్పు లేకుండా పట్టుకున్నాను.

అక్కడున్నప్పుడు అడగలేకపోయిన సంగతి ఒకటుంది. అందుకే రాస్తున్నాను.

మొదటి రోజు సాయంత్రం నువ్వు అలవాటుగా నా ఎడమవైపు కూర్చుని, చెవి దగ్గరికి వంగి ఏదో అన్నావు. వెచ్చగా గాలి తగిలింది. అంతే. మళ్లీ అన్నావు. మళ్లీ గాలే. నీ ముఖం పాలిపోవడం చూశాను. నేను ఏడుస్తానని భయపడ్డావు. నేనూ అదే భయపడ్డాను. ఏం చేయాలో తోచక కుర్చీ లాక్కుని నీకు ఎదురుగా వేసుకుని, "ఇప్పుడు చెప్పు" అన్నాను.

అన్నయ్యా, నాకు చెవి సరిగ్గా వినబడకుండా పోయినప్పటి నుంచీ మనం పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకున్నాం. నీ గొంతు వినేదాన్ని, గోడనో చెట్టునో చూస్తూ. నువ్వు మాట్లాడుతుంటే నీ ముఖం ఎలా ఉంటుందో నేను ఏళ్ల తరబడి చూడనే లేదు. నీకు నచ్చిన మాట వచ్చే ముందు నీ ఎడమ కనుబొమ్మ లేస్తుంది. అబద్ధం చెప్పేటప్పుడు కింది పెదవి ముందే నవ్వేస్తుంది. నొప్పి లేదని నువ్వన్నప్పుడల్లా అది నవ్వింది.

మర్నాడు మనం కొండ రోడ్డు మీద నడిచాం గుర్తుందా? నువ్వు ముందు వెళ్లిపోతున్నావు. నేనే ఆయాసపడి కూర్చున్నాను. నువ్వు వెనక్కి తిరిగి, నాకు కనబడేలా వెలుతురువైపు ముఖం పెట్టి, చిన్నప్పటి సంగతులు చెప్పావు. అమ్మ నిన్ను బడికి తీసుకెళ్లడం, దారిలో అమ్మ చెప్పు తెగడం, ఇద్దరూ ఉత్తి కాళ్లతో నవ్వుతూ ఇంటికొచ్చేయడం. ఎంతో కాలంగా నీ గొంతులో విన్న కథలే. కానీ "అమ్మ" అన్న మాటకి పెదాలు కలిసి, విడిపోవాలి కదా. అందరికీ వెంటనే విడిపోతాయి. నీకు విడిపోవు. కాస్త ఆగుతాయి, విడిపోవడానికి మనసొప్పనట్టు. అన్నిసార్లూ అంతే. నేను చూస్తూ కూర్చున్నాను. అమ్మ కోసం నువ్వు ఇంత బెంగపడ్డావని నీ గొంతు నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

నేను అడగాలనుకున్నది ఇదే. వచ్చే నెల నువ్వే రా. నా ఎదురుగా కూర్చుని ఆ సంగతులన్నీ మొదటినుంచీ చెప్పు. నేను మొదటిసారి వింటాను.

నీ పిచ్చుక